మా ఆదివారం ఫొటో క్లాసులో ఏం మార్చామంటే

మా స్టూడియోకి ఏళ్లుగా వస్తున్న నెల్లూరు వాళ్లందరికీ నమస్కారం. ఆదివారం పిల్లల ఫొటోగ్రఫీ క్లాసు గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. "టెస్టులు తీసేశారంట, ఊరికే ఆడిస్తున్నారంట గదా" అని ఇద్దరు తల్లులు కౌంటర్ దగ్గరే నిలదీశారు. ఫీజు కట్టినవాళ్లు అడగడం న్యాయమే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో మొదటి బ్యాచ్‌లో 14 మంది చేరారు. నెల తిరిగేసరికి ఆరుగురు మిగిలారు. తప్పు నాదే. మొదటి రోజే బోర్డు మీద ఎఫ్ 2.8, ఎఫ్ 16, ఐఎస్ఓ 400 అని కెమెరా సెట్టింగుల అంకెలు రాసి నోట్సు చెప్పాను. మూడో వారం టెస్టు పెట్టాను. ఆ రోజు ఒక పాపకు కెమెరా ఇస్తే బటన్ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. "తప్పొస్తే మార్కులు పోతాయా సార్?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను నేర్చుకున్నది అలా కాదు. మా నాయన రీలు లేని పాత కెమెరా నా చేతికిచ్చి, "ముందు నొక్కి ఆడుకో అబ్బయా, రీలు సంగతి తర్వాత చూద్దాం" అనేవాడు. రీలుకు 36 ఫొటోలే వచ్చే రోజులవి, వృథా చేసే స్థోమత మాకు లేదు. వెనక మూత తెరిచి బటన్ నొక్కితే, 1/30 స్పీడులో, అంటే సెకనులో ముప్పయ్యో వంతు సేపు, షట్టర్ అనే లోపలి తెర తెరుచుకోవడం కంటికి ఆనేది. 1/500లో తళుక్కుమని మాయమయ్యేది. వేసవి సెలవులన్నీ ఆ ఆటతోనే గడిచాయి. షట్టర్ స్పీడు నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

ఇదంతా నాకు మళ్లీ గుర్తొచ్చింది కరెంటు పోయినప్పుడు. నాలుగో వారం, మధ్యాహ్నం రెండు గంటలు, బయట మండుటెండ. ప్రొజెక్టర్లో ఫొటోలు చూపిద్దామని దుకాణం షట్టర్ పూర్తిగా దించాను. కరెంటు పోయింది. చీకట్లో కళ్లు కుదుటపడ్డాక ఒక పిల్లాడు "సార్, గోడ మీద ఏందది?" అని అరిచాడు. తుప్పు పట్టిన షట్టర్‌కి చిన్న చిల్లు ఉంది. అందులోంచి మా వీధి మొత్తం లోపలికొచ్చి, పాస్‌పోర్టు ఫొటోలకు కట్టే తెల్ల గుడ్డ మీద పడుతోంది, అదీ తలకిందులుగా. ఎదురుగా ఉన్న నిమ్మకాయల బండి చక్రాలు పైన, కాయలు కింద. ఆటో ఒకటి పైకప్పుకు వేలాడుతున్నట్టు దాటిపోయింది.

వెలుతురు తిన్నగానే వెళ్తుంది. అందుకే చిల్లు దాటేసరికి పైనున్నది కిందికి, కిందున్నది పైకి వస్తుంది. ఆ సంగతి వాళ్లే కనిపెట్టారు. నల్ల అట్టకు రకరకాల చిల్లులు పొడిచి అడ్డంపెట్టి చూశారు. చిల్లు పెద్దదైతే బొమ్మకు వెలుగు ఎక్కువ, కానీ అలికినట్టుంటుంది. చిన్నదైతే బొమ్మ తేటగా ఉంటుంది, కానీ మసక వెలుతురు. తర్వాతి క్లాసులో నేను అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అన్న మాట ఎత్తగానే ఆ అట్ట ముక్కలే తీసి చూపించారు.

అప్పటినుంచి క్లాసు తీరే మార్చేశాను. మొదటి రెండు వారాలు బోర్డు జోలికే వెళ్లం. ఒకరోజు పసుపు రంగు ఉన్నవే తీయాలి. ఒకరోజు నీడలు మాత్రమే. ఇంకోరోజు సైకిల్ తొక్కే స్నేహితుణ్ణి 1/30లో కెమెరాతో వెంబడిస్తూ తీయాలి. సైకిల్ తేటగా రావాలి, వెనకున్న గోడ గీతలు గీతలుగా సాగిపోవాలి. పది ఫొటోలు తీస్తే తొమ్మిది పాడవుతాయి. వాటిని డిలీట్ చేయనివ్వను, అందరం కూర్చుని ఎందుకు పాడయ్యాయో చూస్తాం. క్లాసులో ఎక్కువ నవ్వులు అప్పుడే, ఎక్కువ చదువూ అప్పుడే.

చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండక్కి, మా ఊరి స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. ముఖాలు వద్దు, చేతులే తీయమన్నాను. టెస్టు రోజు భయపడిన పాపే, ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, మధ్యలో తడిసి వంగిన రొట్టె ఉన్న ఫొటో తీసింది. పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. చెరువులో అంతమంది మధ్య ఆ మూడింటినే ఏరుకోవడం నాకు తట్టి ఉండేది కాదు.

"ఆటలతో ఏమొస్తుంది?" అని అడిగినవాళ్లకు ఒక మాట. ఫ్రాన్సులో 1894లో పుట్టిన జాక్ ఆంరీ లార్తీగ్ చిన్నప్పుడే కెమెరా పట్టి, ఇంట్లో వాళ్లు దూకడం, పరుగులు తీయడం, కార్ల పందేలు సరదాగా తీసుకున్నాడు. 1963లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆ ఫొటోలనే ప్రదర్శనకు పెట్టింది. అప్పటికి ఆయనకు దాదాపు 70 ఏళ్లు.

ఇక లెక్కలు. మొదటి బ్యాచ్‌లో మధ్యలో మానేసిన ఎనిమిది మందికి మిగిలిన వారాల డబ్బు తిరిగిస్తాను, రసీదు లేకపోయినా పర్వాలేదు. ఇష్టమైతే కొత్త బ్యాచ్‌లో ఫీజు లేకుండా కూర్చోవచ్చు. మైపాడు బీచ్‌లో పీతల్ని నేలబారున తీయబోయి ఒక లెన్సులోకి ఇసుక పోయింది. ఆ ఖర్చు ఎవరి మీదా వేయలేదు. కాకపోతే ఇకమీదట బీచ్‌కి ఫోన్లే, అవీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తేవాలి. పెళ్లి ఫొటోల పని తొందరగా నేర్చుకుని సంపాదనలో పడాలనుకునే పెద్దవాళ్లకు ఈ క్లాసు సరిపోదు. వాళ్లకు సాయంత్రం వేరే చెప్తాను.

ఆదివారం పొద్దున పది దాకా పాస్‌పోర్టు ఫొటోలు తీయలేను, అర్జెంటైతే శనివారమే రండి. షట్టర్‌కి కొత్త రంగు వేయించాను. ఆ చిల్లు మాత్రం పూడ్చవద్దని పెయింటర్‌కి దగ్గరుండి చెప్పాను.