ఒత్తిడి తగ్గించే రోజువారీ అలవాట్లు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, తీరిక చేసుకుని ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. రాలేకపోయినవారికి నివేదిక ప్రతి ఇంటికి పంపుతాం. చదువుతారనే ఆశ ఇంకా ఉంది.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. "ఉపన్యాసాలు చాలు, రోజూ చేయగలిగింది ఏదైనా పెట్టండి" అని పోయిన ఏడాది ఇదే సభలో మీరే అన్నారు. అందుకే ఈ ఏడాది పెద్ద పెద్ద సభల జోలికి పోలేదు.

ఉదయం నడక జట్టు ఏడాదంతా నడిచింది. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. ఇది మేం గాల్లోంచి తెచ్చిన లెక్క కాదు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనం ఆ 150 దగ్గర మొదలుపెట్టాం. మొదటి వారం హాలు ముందు నిలబడటానికి చోటు లేదు. మూడో వారానికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి మిగిలాం. ఆ మిగిలినవాళ్లు మాత్రం వానకీ చలికీ ఆగలేదు. నడిచిన రోజు ఇంట్లో కసురుకోవడం తగ్గిందని వాళ్లలో కొందరు చెప్పారు. వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా ఇక్కడే కూర్చున్నారు, నిజమో కాదో అడగొచ్చు.

ఒక పొరపాటు ఒప్పుకోవాలి. హుషారు పెంచుదామని అడుగుల పోటీ పెట్టాం, రోజుకు పదివేలు. రెండు వారాల్లోనే అది తలనొప్పిగా తయారైంది. రాత్రి పదకొండింటికి తక్కువైన అడుగుల కోసం వరండాలో అటూ ఇటూ తిరిగినవారు ఒకరు, ఫోన్‌ను పిల్లాడి జేబులో వేసి ఆటకు పంపినవారు ఇంకొకరు. టెన్షన్ తగ్గించుకుందామని కూడినచోట మనమే టెన్షన్ పుట్టించాం. తీరా చూస్తే ఆ పదివేల అంకె డాక్టర్లు తేల్చింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. అంకె అక్కడినుంచి పాకింది. పోటీ రద్దు చేశాం. "మేమే గెలిచేవాళ్లం" అని ఇప్పటికీ అంటున్న ఇద్దరికి ఈ సభాముఖంగా మరోసారి క్షమాపణ.

మైదానం గేటు పొద్దున్నే ఒక గంట ముందు తెరిపించండని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిది కనపడలేదన్నారు. రెండోది పరిశీలనలో ఉందన్నారు. మూడోది పట్టుకెళ్లిన రోజు అధికారిగారు సెలవు. పని ఒత్తిడి వల్లనేమో తెలియదు. మనం మాత్రం చీకట్లో గేటు బయటే రోడ్డు పక్కన నడుస్తున్నాం.

నిద్ర గురించి మాట్లాడటానికి వచ్చిన డాక్టరుగారు సూటిగా నాలుగు మాటలు చెప్పి వెళ్లారు. పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి, సెలవు రోజు కూడా అదే వేళకు లేవాలి అన్నప్పుడు ఎవరూ కిమ్మనలేదు. కాఫీ మాట ఎత్తగానే మొదలైంది గొడవ. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువా తక్కువా ఉండొచ్చు. అంటే సాయంత్రం ఆరింటి కప్పులో సగం రాత్రి పదకొండింటికి మనతోపాటే మంచమెక్కుతుంది. "తాగాక కూడా నాకు హాయిగా నిద్ర పడుతుంది" అని మన పెద్దాయన ఒకరు లేచారు. "పడుతుంది, కానీ గాఢంగా ఉండదు" అని డాక్టరుగారు. వాదన అరగంట సాగింది. ఆ సభ పోస్టర్లు రాస్తూ ముందురోజు నేను రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకున్న సంగతి మాత్రం డాక్టరుగారికి చెప్పలేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది అక్టోబర్ 10. ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన్ని 1992 నుంచి జరుపుతున్నారు. మనం దాన్ని 'ఫోన్ లేని సాయంత్రం' చేశాం. వచ్చినవారందరూ గుమ్మం దగ్గరే ఫోన్లు చెక్కపెట్టెలో వేసి కూర్చోవాలి. మొదటి పావుగంట చూడాలి మనవాళ్లను! చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు తడుముకోవడమే. పెట్టెలో ఏదో ఒకటి గుయ్యిమన్నప్పుడల్లా అందరి తలలూ అటే. చివరికి ఒక అక్కగారు ఇంటికెళ్లి దుప్పటి తెచ్చి పెట్టె మీద కప్పేశారు. ఆ దుప్పటితోనే కార్యక్రమం నిలబడిందని నా అభిప్రాయం.

నర్సుగా రిటైరైన మన సభ్యురాలు ఆ సాయంత్రం ఊపిరి పాఠం చెప్పారు. మణికట్టు దగ్గర నాడి మీద వేళ్లు ఉంచమన్నారు. సెకనుకు ఒకటి చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చాలి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. అలా చేస్తే నిమిషానికి ఆరు శ్వాసలు. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకోవడం, వదిలేటప్పుడు నెమ్మదించడం చాలామందికి వేళ్ల కిందే తెలిసింది. మెదడు నుంచి గుండె దాకా దిగే వేగస్ నరం పని అది అని ఆవిడ వివరించారు. నరం పేరు ఎంతమందికి గుర్తుందో కానీ, తన గుండె తన మాట వినడం చూసి ఆశ్చర్యపోని మనిషి ఆ హాల్లో లేడు. కాళ్లు ఊపుతూ కూర్చున్న కాలేజీ కుర్రాళ్లు కూడా రెండోసారి చేద్దామన్నారు.

తర్వాత మనసులో నలుగుతున్నది కాగితం మీద రాయడం. పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులతో రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు ఇలాగే రాయించారు. మనం ఒక్క పావుగంటే రాయించాం. ఎవరూ చదవరు, రాశాక చింపేయొచ్చు అన్నదే షరతు. తప్పులు దిద్దిపెట్టమని కాగితం నా దగ్గరకు తెచ్చిన సభ్యులు షరతు సరిగా వినలేదు. పెట్టె తెరిచినప్పుడు ఫోన్ల కోసం ఎవరూ ఎగబడలేదు. కొందరు కబుర్లలో పడి మరిచిపోయి వెళ్లబోతే పిలిచి ఇచ్చాం.

డాక్టరుగారు ఈ నివేదికలో తప్పక రాయమన్న మాట ఒకటుంది. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే నడకతో సరిపెట్టుకోకుండా వైద్యుల్ని కలవాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

దుప్పటి అక్కగారికి, నర్సమ్మగారికి, రుసుము తీసుకోకుండా వచ్చిన డాక్టరుగారికి, మైకు సర్దిన తమ్ముళ్లకు, కుర్చీలు మోసినవారికి, మోసి మళ్లీ సర్దినవారికి, బ్యానర్ మీద అక్షరదోషం చూపించినవారికి కూడా కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో చివరి పేజీల్లో ఉన్నాయి. స్వల్పంగా మిగులు ఉంది. కుర్చీల అద్దె పద్దు గురించి కోశాధికారిగారు ఇదివరకే సమాధానం చెప్పారు.

ఒక మాట చెప్పక తప్పదు. పోయినసారి వాలంటీర్లు కావాలంటే ఈ హాల్లో సగం చేతులు లేచాయి. అక్టోబర్ 10 పొద్దున వచ్చింది నలుగురు. జీవితంలో ఒత్తిడి తెచ్చే 43 సంఘటనలతో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు 1967లో ఒక జాబితా వేశారు. అందులో పెళ్లి ఉంది, సెలవులకు వెళ్లడం కూడా ఉంది. సంఘం కార్యదర్శి పదవి మాత్రం లేదు. చేర్చదగిందని నా మనవి.

ఏడాదంతా తెల్లవారుజామున హాలు తలుపు తీసింది నేనొక్కడినే. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులు నడక జట్టు తాళం చూసి వెనక్కి వెళ్లింది. అందుకని ఈసారి రెండో తాళంచెవి చేయించాం, కోశాధికారిగారి దగ్గరుంది. తీసుకునేవారు సభ ముగిసేలోపు పేరు రాయించండి. చెయ్యెత్తితే సరిపోదు, సంతకం కావాలి.

ఇట్లు,
కార్యదర్శి