చెవి వదిలించుకున్న కథ

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటున్నావని తెలుసు. నువ్వు చేసేది రాత్రి తొమ్మిదింటికి. సరిగ్గా ఆ టైముకి నేను మా బుజ్జిదాని గదిలో, చీకట్లో, ప్లాస్టిక్ కుర్చీలో బొమ్మలా కూర్చుని ఉంటాను. నెల రోజులుగా ఇదే నా నైట్ డ్యూటీ. ఫోన్లో తెమిలే కథ కాదు, అందుకే రాస్తున్నా.

దానికి నాలుగేళ్ళు నిండాయి. వేరే మంచం అలవాటు చేయాలని ఏడాది నుంచీ అనుకోవడమే కానీ ముందుకెళ్ళింది లేదు. ఇప్పుడు మీ చెల్లెలికి ఐదో నెల. ఇది నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతుంది, తెల్లారేసరికి కాళ్ళు ఎవరి మీదుంటాయో తెలీదు. ఎక్కడ తంతుందోనని మీ చెల్లెలికి టెన్షన్. రేపు పసిగుడ్డు వచ్చాక దీన్నీ, దాన్నీ ఒకే మంచం మీద వేయడం అసలు కుదరదు, మీదికి దొర్లిందంటే పసిదానికి ఊపిరాడదు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. మార్చేదేదో కాన్పుకి రెండు మూడు నెలల ముందే మార్చాలట, లేదంటే కాన్పయ్యాక కొన్నాళ్ళు ఆగాలట. సరిగ్గా బిడ్డ వచ్చిన రోజుల్లో మారిస్తే, తన చోటు వాడు లాక్కున్నాడని పెద్దది కక్ష కడుతుంది.

ఎండాకాలంలో అయితే ఆ మాటే ఎత్తేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఏసీ ఒక్క గదిలోనే. బెజవాడలో రోహిణి కార్తె ఎండలకి పిల్లని అవతలి గదిలోకి పంపానని తెలిస్తే మా అమ్మ నన్ను బతకనిస్తుందా? కార్తీకం వచ్చి కాస్త చల్లబడ్డాకే మొదలుపెట్టాం.

మంచం కొనలేదు. అటక మీదున్న మన కాలం నాటి నవారు మంచం దింపాను. ఎత్తు తక్కువ, దొర్లి పడినా దెబ్బ తగలదు. మూడు కాలువలు పారే ఊళ్ళో దోమలకేం కరువు, దోమతెర కట్టక తప్పలేదు. అదే కలిసొచ్చింది. తెర చూడగానే "ఇది నా ఇల్లు" అంది. పగలంతా ఆ ఇంట్లో వంటలు, బొమ్మల పెళ్ళిళ్ళు, బొమ్మలకి జ్వరాలు. రాత్రయితే మాత్రం ఇంటికి తాళం వేసి మా గదిలోకి వచ్చేసేది.

మొదటి రాత్రి పదకొండు సార్లు లేచొచ్చింది, లెక్కపెట్టాను. మంచినీళ్ళు, ఉచ్చ, మళ్ళీ మంచినీళ్ళు, దేవుడికి దణ్ణం పెట్టడం మర్చిపోయిందట, దిండు తనని చూస్తోందట. పదకొండోసారి నేనే ఓడిపోయి పక్కన వేసుకున్నా. అదే నేను చేసిన పెద్ద తప్పు. పదకొండుసార్లు లేస్తే పని అవుతుందని దానికి తెలిసిపోయింది కదా!

అసలు గొడవంతా నా చెవితో. నీకు తెలీదేమో, పుట్టినప్పట్నుంచీ నా కుడిచెవి తమ్మె రెండు వేళ్ళతో నలుపుతూ నిద్రపోవడం దానికి అలవాటు. మొదట్లో ముద్దుగానే ఉండేది. రాత్రిలో మనందరికీ కొన్నిసార్లు కాస్త మెలకువ వస్తూనే ఉంటుంది, పక్కకి తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. దీనికి మాత్రం మెలకువ రాగానే చెవి కావాలి. చెవితో నిద్రపోయింది కాబట్టి, చెవి లేకపోతే లోకమే మారిపోయినట్టు ఏడుపు. అర్ధరాత్రి గోల తగ్గాలంటే, తొమ్మిదింటికి కళ్ళు మూతపడేటప్పుడే చెవి అందకూడదు. ఈ ముక్క బుర్రకెక్కడానికి నాకు వారం పట్టింది.

మీ చెల్లెలు తన పాత నేత చీర కొంగు చించి, ఒక కొస ముడి వేసి ఇచ్చింది. ముడి సరిగ్గా చెవి తమ్మె అంత. దాన్ని నలపడం నేర్చుకుంది. నేనేమో మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి, చెవి అందనంత దూరంలో. లేచొస్తే తిట్టకుండా, కబుర్లు చెప్పకుండా, "నిద్ర టైమైంది బుజ్జీ" అని ఒకే మాట అని తీసుకెళ్ళి పడుకోబెట్టడం. మూడు నాలుగు రోజులకోసారి కుర్చీ కాస్త వెనక్కి. ఇప్పుడు గుమ్మం దగ్గరికొచ్చింది. జీరో బల్బు వెలుతురులో దోమతెర లోంచి ఒక చేయి పైకి లేచి నేనున్నానో లేదో చూపుడువేలితో లెక్కపెడుతుంది. ఉన్నది ఒక్కణ్ణే అనుకో.

పగటి నిద్ర సంగతీ చెప్పాలి. మధ్యాహ్నం మూడింటికి పడుకుని ఐదింటికి లేచేది. రాత్రి పదిన్నరకి పడుకుని ఏడింటికి లేచేది. కూడితే పదిన్నర గంటలు. ఈ వయసుకి పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటలు కావాలంటారు, అంటే దాని లెక్క దానికి సరిపోయింది. తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం పాపం దాని తప్పు కాదు. ఇప్పుడు ఒంటిగంటకే పడుకోబెట్టి రెండున్నరకల్లా లేపేస్తున్నాం. లేపినప్పుడు చూడాలి ఆ మొహం, నీ ఆస్తి నేను రాయించుకున్నట్టు ఉంటుంది.

మొన్నొక రాత్రి బీఆర్టీఎస్ రోడ్డు మీద ఎవడో సైలెన్సర్ తీసేసిన బైకు తోలాడు. ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. ఆ ఏడుపుకి నియమాలన్నీ మర్చిపోయి దోమతెర ఎత్తి నేనూ మంచం ఎక్కాను. నడుం వాల్చానో లేదో, టప్‌మని నవారు తెగింది. ఒక పట్టీ తెగితే చాలు కదా, మిగతావీ వరసగా జారి, నేను నేల మీద, అది నా పొట్ట మీద, ఇద్దరి మీదా దోమతెర. మీ చెల్లెలు లైటు వేసేసరికి వలలో పడ్డ చేపల్లా ఉన్నాం. ఏడుపంతా పోయి బుజ్జిది పడీ పడీ నవ్వింది. మర్నాడు వన్‌టౌన్ వెళ్ళి ప్లాస్టిక్ నవారు తెచ్చాను. అల్లేవాడు దొరక్క నేనే అల్లాను, మధ్యలో కాస్త వంకర వచ్చింది, నువ్వొచ్చినప్పుడు నవ్వకు.

ఆ రోజు నుంచి నేను దగ్గరికెళ్తే చాలు, "నాన్నా, ఎక్కకు, నువ్వు లావు, నా ఇల్లు పడిపోద్ది" అంటోంది. నా కుర్చీ, నా క్రమశిక్షణ చేయలేని పని తెగిన నవారు చేసింది. ఆరు రాత్రుల నుంచి ఒక్కసారి కూడా మా గదిలోకి రాలేదు.

కానీ గురువారం తెనాలి నుంచి అమ్మ వస్తోంది, పదిహేను రోజులుంటుంది. "పసిదాన్ని ఒంటరిగా పడుకోబెడతార్రా, నేను పక్కన పడుకుంటాలే" అని ఇప్పటికే ఫోన్లో చెప్పేసింది. ఆవిడకి అడ్డం చెప్పే ధైర్యం నాకు లేదు, మీ చెల్లెలు చెప్తే బాగోదు. చిన్నప్పట్నుంచీ మా అమ్మ నీ మాటంటే వింటుంది. బుధవారం లోపు ఆవిడకో ఫోన్ కొట్టరా. నేను చెప్పమన్నానని మాత్రం అనకు.

ఉంటా మరి,
నీ బావ