అర్ధరాత్రి చేతిలో పెట్టిన పాలడబ్బా చీటీ

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే మీ జిల్లా పేజీలో తల్లిపాల వారోత్సవాల ఫొటోలు పడతాయి. బ్యానరు పట్టుకున్న అధికారులు, వెనక అంగన్‌వాడీ టీచర్లు, ముందు వరసలో ఎండకు కళ్లు చికిలించుకుంటూ బాలింతలు. ఈసారీ పడ్డాయి. వాటిని తప్పు పట్టడానికి రాయడం లేదు. ర్యాలీ పగలు పదకొండింటికి జరుగుతుంది. బిడ్డ ఏడిచేది రాత్రి రెండింటికి. ఆ రెండింటి సంగతి రాద్దామని కూర్చున్నాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మా ఇంటామె పోయి నాలుగేళ్లయింది. ఈ మార్చిలో నా బిడ్డకు తొలుసూరు కాన్పు. హైదరాబాద్ నుంచి ఏడో నెలలోనే ఇంటికి తెచ్చుకున్నాం. తల్లి లేని పుట్టింట్లో బాలింతను ఎవరు చూసుకోవాలి? కోస్గి దగ్గరి మా ఊరి నుంచి అక్కను పిలిపించుకున్నాను. ఆమెకు డెబ్బై దాటాయి, ఐదుగురిని కన్నది, ఊళ్లో సగం పురుళ్లకు దగ్గరుండి చేసిన మనిషి. నాకైతే కాన్పు గురించి తెలిసిందల్లా బస్సులో నిండు చూలాలు ఎక్కితే ముందు సీటు ఇప్పించడం, గతుకుల దగ్గర నెమ్మదిగా పోనిమ్మని డ్రైవరుకు చెప్పడం. 2021 చివర్లో నాగర్‌కర్నూల్ డిపో బస్సులో పెద్దకొత్తపల్లి దగ్గర ఒకామె ఆడపిల్లను కన్నది. ఆ పిల్లకు సంస్థ జీవితకాలం ఫ్రీ పాస్ ఇచ్చింది. ఆ కబురు విన్నప్పుడు డిపోలో అందరం మిఠాయి తిన్నాం గానీ, మన బస్సులో అయితే ఏం చేయాలిరా అంటే ఒక్కడికీ తెలియదు.

పుట్టింటికి వచ్చిన వారానికి రక్తపరీక్ష చేయిస్తే నా బిడ్డకు హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉంది. ఐరన్ గోళీలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్న నాయినా అంది. అబద్ధం కాదు. రోజూ పొద్దున చాయ్‌తో వేసుకుంటోంది, దాంతోపాటే కాల్షియం గోళీ కూడా. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, కాల్షియం వేరే పూట వేసుకోవాలని, అన్నం తిన్నాక నిమ్మరసంతో వేసుకుంటే మంచిదని ఏఎన్ఎం (సర్కారు ఆరోగ్య కేంద్రం నర్సు) చెప్పింది. కాన్పునాటికి పది దాటింది. ఇంత చిన్న మాట ఆరు నెలలు ఆమెకు ఎవరూ ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. గోళీలు మాత్రం నిండా ఇచ్చారు.

కాన్పు పట్టణంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. పేరు రాయను. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఎందుకు చేశారని నిలదీసే చదువు నాకు లేదు, తల్లీబిడ్డా క్షేమమంటే దండం పెట్టాను. మన రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనట. అంటే మా ఇంట్లో జరిగింది వింతేమీ కాదు, ఎక్కువ ఇళ్లలో జరిగేదే. అందుకే రాస్తున్నాను.

నడుముకు మత్తు ఇచ్చి చేశారు కాబట్టి నా బిడ్డ మెలకువగానే ఉంది. అయినా పసిదాన్ని తల్లి దగ్గరికి చేర్చింది ఐదు గంటల తర్వాత. ఆపరేషన్ అయినా సరే, గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టవచ్చని, పెట్టాలని నాకు తెలిసింది చాలా రోజులకు. రెండో రోజు రాత్రి బిడ్డ ఒకటే ఏడుపు. కుట్ల నొప్పితో తల్లి పక్కకు తిరగలేదు. అక్క బిడ్డను ఎత్తుకుని ఊపుతోంది. నర్సమ్మ వచ్చి ఒకసారి చూసి, "పాలు పడలేదు, ఇది తీసుకురండి" అని చీటీ రాసి నా చేతిలో పెట్టింది. ఆమెనూ ఏమనలేను. అంత పెద్ద వార్డుకు ఆ రాత్రి ఆమె ఒక్కతే.

రెండింటికి మెడికల్ షాపు షట్టర్ కొట్టి లేపి డబ్బా కొన్నాను. ఐదు వందలకు పైనే అయింది. కండక్టరు పని చేసినోణ్ణి, చిన్న అక్షరాలు చదవనిదే ఏ కాగితమూ వదలను. ఆస్పత్రి మెట్ల మీద లైటు కింద నిలబడి డబ్బా చుట్టూ తిప్పి చదివాను. నీ బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో దాని మీదే రాసుంది! బిస్కెట్ పుడకు కూడా పిల్లల బొమ్మలు వేస్తారు గదా, దీని మీద ఒక్క పసిబిడ్డ బొమ్మ లేదేమా అనిపించింది. 1992లో మన దేశం ఒక చట్టం చేసి, 2003లో ఇంకా బిగించిందట. పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఆస్పత్రుల్లో ఉచితంగా పంచకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయకూడదు. ఇంత పకడ్బందీ చట్టాన్ని దాటడానికి వేలెడంత చీటీ చాలింది.

ఒక మాట. పాలపొడి విషమని నేను అనడం లేదు. బిడ్డకు చక్కెర పడిపోయిందనో, బరువు మరీ తగ్గిందనో డాక్టరు చూసి రాస్తే పట్టాల్సిందే. మా దగ్గర ఎవరూ చూడలేదు. రొమ్ముకు ఎలా పట్టాలో ఎవరూ చూపించలేదు. చూపించకుండానే పడలేదు అన్నారు. పుట్టిన మొదటి రోజు బిడ్డ కడుపు రేగుపండంతే ఉంటుందట. చెంచాడు ముర్రుపాలు దానికి భోజనం. ఆ చెంచాడు చూసి మనం పాలు లేవంటాం.

ఐదో రోజు ఇంటికొచ్చాం. ఏడో రోజు మా వాడకట్టు ఆశా కార్యకర్త సంచీలో వేలాడే తూకం వేసుకుని వచ్చింది. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్న పిల్ల 2.7 తూగింది. అక్క వెంటనే అందుకుంది.

"చూసినవా? పాలు పడలే బిడ్డా. అది బక్క పిల్ల, ఏడికెల్లి వస్తయి?"

ఆ అమ్మాయి వాదన పెట్టుకోలేదు. "పెద్దమ్మా, మీ ఇంట్ల బర్రె ఈనితే దుడ్డెకు ముందుగాల ఏం తాపుతరు?"

"ఏం తాపుతరు, జున్నుపాలే. అవి తాగకుంటే దుడ్డె నిలువదు."

"దుడ్డె మూతి పెట్టి కుమ్మకుంటే బర్రె చేపుతదా?"

"ఎట్ల చేపుతది..." అని అక్క నోరు మూసుకుంది. నా ఎరుకలో ఆమె అట్లా ఆగిపోవడం అదే మొదటిసారి.

తర్వాత లోపల తలుపు దగ్గరికేశారు. నేను అరుగు మీద కూర్చున్నా మాటలన్నీ వినబడ్డాయి. కుట్ల మీద బరువు పడకుండా దిండు పెట్టి, బిడ్డను చంక కిందికి తీసుకుని పట్టుకోమంది. నోరు బాగా తెరిచేదాకా ఆగమంది. మొన ఒక్కటే అందిస్తే బిడ్డ నములుతుంది, తల్లికి పుండు పడుతుంది, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలంది. పిండిన పాలను సీసాతో వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టమంది. ఆముదం తాగించడానికని అక్క ఊరి నుంచి తెచ్చిన ఉగ్గుగిన్నె అట్లా పనికొచ్చింది. పొడిపాలు ఒక్కరోజే మానలేదు, తూకం చూసుకుంటూ పూటకింత తగ్గించి ఐదారు రోజుల్లో ఆపాం. తాగినకొద్దీ ఊరతాయి, తాగకుంటే ఇంకుతాయి అని ఆశమ్మ చెబుతుంటే, "దుందుభి వాగుల చెలిమె తోడినట్లు" అంది అక్క. ఎదురు పక్షం అప్పటికే మనవైపు తిరిగిందని అర్థమైంది.

నాకూ ఒక పని దొరికింది. డ్యూటీలో స్టేజీ స్టేజీకి ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసినట్టు పాత నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాను. ఎన్నింటికి తాగింది, ఏ వైపు, ఎన్నిసార్లు ఉచ్చ పోసింది, దొడ్డికి ఏ రంగులో పోయింది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగాలి, ఐదో రోజు దాటాక కనీసం ఆరు గుడ్డలు తడవాలి. అంతకంటే తగ్గితే చూపించాలి. పదో రోజు నా పుస్తకంలో పదకొండుసార్లు తాగడం, ఏడుసార్లు ఉచ్చ. పదమూడో రోజు తూకం 2.92. అల్లుడు ఐదు రోజులే సెలవు దొరికి వెళ్లిపోయాడు, రోజూ రాత్రి ఫోన్ చేసి "మామా, ఇవ్వాళ కలెక్షన్ ఎంత?" అని అడిగేవాడు.

ఏప్రిల్, మే నెలల పాలమూరు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. గోడలు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ పసిదాని గొంతు ఎండుతోంది, రెండు చుక్కలు నీళ్లు పోయండి అన్నవాళ్లే. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఆరు నెలల దాకా వేరే నీళ్లు అక్కర్లేదు, ఇంకో రెండుసార్లు ఎక్కువ తాగించండి అంది ఆశా కార్యకర్త. నీళ్లు కావాల్సింది నిజానికి తల్లికి. పథ్యం పేరుతో ఆమెకే గ్లాసు లెక్కపెట్టి ఇస్తాం! అక్కతో నాకు జరిగిన ఒకే ఒక పెద్ద తగువు ఆ చెంబు నీళ్ల దగ్గరే. తేనె నాకించడం, వస గీకి పోయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేయడం మాన్పించాం. కాళ్ల మీద పండబెట్టి నూనె రాసి నీళ్లు పోయడం మాత్రం మాన్పించలేదు. ఎందుకు మాన్పించాలి? ఆ అరగంట బిడ్డా నవ్వింది, అక్కా నవ్వింది.

ఇంకొకటి రాయాలా వద్దా అని తటపటాయించి రాస్తున్నాను. పదో రోజు నుంచి నా బిడ్డ ఊరికే ఏడ్చేది. బాలింత ఏడిస్తే పాలు ఎండిపోతయని పక్కింటామె అనేసరికి, మాకు కనబడకుండా ఏడవడం మొదలుపెట్టింది. కాన్పు తర్వాత అట్లా చాలామందికి ఉంటుందట, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుందట. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మాకు మూడో వారంలోనూ తగ్గలేదు. 14416కు ఫోన్ చేశాం, అది మనసు బాగోనప్పుడు మాట్లాడే సర్కారు నంబరు. తెలుగులోనే మాట్లాడారు. తర్వాత పెద్దాస్పత్రికి తీసుకుపోయాను. ఇప్పుడు బాగుంది. తల్లి ఉంటే ముందే పసిగట్టేదేమో. నేను పిల్ల ఉచ్చ లెక్క రాశాను గానీ దాని తల్లి కన్నీళ్ల లెక్క రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్తలు ఇంటికి ఆరుసార్లు రావాలని ఉంది: 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. మంచి ఏర్పాటు. కానీ ఆపరేషనయిన తల్లి మూడో రోజు ఇంట్లో ఉండదు గదా! ఆశా కార్యకర్త మొదటిసారి చూసేసరికి ఏడో రోజు. పాలు పడేదీ పడనిదీ తేలేది మాత్రం మొదటి మూడు రాత్రులు, అప్పుడు ఆ తల్లి పక్కన తెలిసిన మనిషి లేదు. నూటికి అరవై కాన్పులు ఇట్లా జరుగుతున్న రాష్ట్రంలో ఈ సందు ఎవరి కంటా పడలేదా? ప్రతి ప్రసూతి వార్డులో, సర్కారుదైనా ప్రైవేటుదైనా, రాత్రిపూట పాలు పట్టించడం నేర్పడానికే ఒక మనిషిని పెట్టాలి. పెద్ద చదువు అక్కర్లేదు, మా ఆశమ్మ చేసింది నలభై నిమిషాల పని. పాలపొడి రాస్తే ఎందుకు రాశారో కేసు షీటులో కారణం రాయించాలి. ఆపరేషన్ల లెక్క నెలనెలా అడిగే జిల్లా అధికారులు, గంటలోపు బిడ్డను తల్లికి ఇచ్చారా అన్న లెక్క కూడా అడగాలి. మీ విలేకరులు ఒక్క రాత్రి, పన్నెండు తర్వాత, ఏదైనా వార్డు బయట మెట్ల మీద కూర్చుని చూడమని మనవి. చీటీలు పట్టుకుని దిగే నాలాంటి వాళ్లు కనబడతారు.

అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఊరికి పొమ్మన్నా పోవడం లేదు. ఉగ్గుకని బియ్యం, పెసరపప్పు వేయించి పొడి కొట్టించి సీసాలో పోసి పెట్టింది. రోజూ పొద్దున ఆ సీసా తీసి చూసి, "పిల్ల మన కంచాల దిక్కు చూస్తున్నది, జర్ర పెడితే ఏమైతది?" అంటుంది. ఆరు నెలలు నిండటానికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయక్కా అంటాను. "నీ కండక్టరు బుద్ధి పోనియ్యవు" అని సీసా మళ్లీ అటక మీద పెడుతుంది.

ఇట్లు,
రిటైర్డ్ కండక్టర్, మహబూబ్‌నగర్
(పేరు వేయవద్దని నా బిడ్డ మాట తీసుకుంది.)