క్వార్టర్లీ దాకా ఆగకు

చిట్టితల్లీ,

నిన్న డ్యూటీకి టైమైందని ఫోన్ పెట్టేశావు గానీ నాకు మాత్రం మీ నర్సింగ్ హోమ్‌లో, అదే పెద్దవాళ్ళని ఉంచుకుని చూసే చోట, ఉన్న ఆ పెద్దావిడ సంగతే బుర్రలో తిరుగుతోంది. మొన్నటిదాకా వాకర్ పట్టుకుని తనే బాత్రూమ్‌కి వెళ్ళే మనిషి, ఇప్పుడు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవట్లేదు, ప్లేట్లో సగం కూడా తినట్లేదు అన్నావు కదా, మీ వాళ్ళేమో వచ్చే నెల ఎలాగూ క్వార్టర్లీ అసెస్‌మెంట్ ఉంది అప్పుడు చూద్దాంలే అన్నారట. అలా ఆగకూడదమ్మా.

మూణ్ణెల్లకోసారి మనిషి పరిస్థితంతా ఫారంలో నింపే ఆ ఎండీఎస్ అసెస్‌మెంట్ వేరు, ఇది వేరు. ఒకటి కంటే ఎక్కువ విషయాల్లో మనిషి మారిపోయి, అది దానంతటదే సర్దుకునేలా లేకపోయి, ఆ మనిషిని ఎలా చూసుకోవాలో రాసుకున్న కేర్ ప్లాన్ మార్చాల్సొస్తే అది సిగ్నిఫికెంట్ చేంజ్. అలా మారిందని తేలిన రోజు నుంచి 14 రోజుల్లో మొత్తం అసెస్‌మెంట్ మళ్ళీ చేయాలి, అదయ్యాక 7 రోజుల్లో కేర్ ప్లాన్ కూడా. 1987 చట్టంతో వచ్చిన, అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ రూలు ఇది, మీ డైరెక్టర్ ఇష్టం కాదు. జలుబు చేసి నాలుగు రోజులు నీరసపడితే అక్కర్లేదులే, ఛార్ట్‌లో రాసి కనిపెట్టుకుని ఉండాలి, రెండు వారాలైనా తేరుకోకపోతే ఇక మొదలెట్టేయాలి.

నేను కొత్తలో న్యూజెర్సీలో చేసేటప్పుడు ఒకాయన నెల తిరక్కుండా 140 పౌండ్ల నుంచి 132కి దిగాడు. నెలలో 5 శాతం తగ్గితేనే లెక్కలోకి వస్తుంది, ఇది దాటేసింది కూడా. నేనేమో ఫ్లూ వచ్చి తగ్గింది కదా, మెల్లగా తింటాడులే అనుకున్నా. నర్సింగ్ అసిస్టెంట్ ముందే చెప్పింది, ఆయన చెంచా పట్టుకోవట్లేదు, నేనే తినిపిస్తున్నా అని. ఊఁ కొట్టి వదిలేశా. పది రోజులకి మడమ మీద పుండు. ఆవిడ నన్నేమీ అనలేదు, ఊరికే చూసింది, అదే ఇప్పటికీ గుర్తు. మన ఇళ్ళల్లో పెద్దతనం కదా అని సరిపెట్టుకుంటాం చూడు, ఆ రోజు నేను చేసిందీ అదే.

ఇంకోటి, దిగజారితేనే కాదు, బాగుపడినా ఈ అసెస్‌మెంట్ చేయాలి. తుంటి విరిగి వచ్చినావిడ నడుస్తోంది, డైపర్ కూడా మానేసింది, అయినా పాత ప్లాన్‌లో ఉందని ఇద్దరు ఎత్తి కూర్చోబెడుతుంటే ఆ కాళ్ళు మళ్ళీ మూలపడవూ? హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల సంరక్షణలో చేరినా, అందులోంచి బయటికొచ్చినా మాత్రం ఆలోచించేదే లేదు, చేయాల్సిందే.

రేపు వెళ్ళగానే మీ పెద్దావిడ రెండు నెలల బరువులు తీసి చూడు, నైట్ షిఫ్ట్ అసిస్టెంట్లని కూడా అడుగు, రాత్రుళ్ళు ఎలా ఉంటోందో వాళ్ళకే తెలుస్తుంది. మీ ఎండీఎస్ నర్స్‌కి నోటిమాటగా చెప్పకు, ఛార్ట్‌లో రాసి చూపించు. ఆ పెద్దావిడ కూతురికి ఎవరైనా ఫోన్ చేశారా అసలు? బరువు ఎంత తగ్గిందో సాయంత్రం నాకు మెసేజ్ పెట్టు, లెక్క నేనూ చూస్తా.

అమ్మ