ఆ బాక్సులో పట్టని మాట

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీలో మా అవ్వ ఫొటోతో శ్రద్ధాంజలి ప్రకటన వేయించాం. తప్పు మీది కాదు, మాదే. చిన్న సైజు తీసుకున్నాం. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఫలానా వారి ధర్మపత్ని అన్న లైను, దాని కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, ఒకరి పేరు వదిలితే ఇంకొకరికి కోపం, మనవళ్ల దగ్గరికొచ్చేసరికి బాక్సు నిండిపోయింది. పెద్దకర్మ రోజు ఎనభై దాటిన ఒకామె ఆ పేపరు మడత పెట్టుకుని వచ్చింది. అరుగు మీద కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొత్తం చదివి, "టీచరమ్మ అని యాడా ఎయ్యలేదేంది నాయనా?" అంది. మా దగ్గర జవాబు లేదు.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. అవ్వ ముప్పై ఏళ్లకు పైగా ముందు జిల్లా బోర్డు స్కూళ్లలో, తర్వాత పంచాయతీ సమితి స్కూళ్లలో చదువు చెప్పింది. ఎక్కువ కాలం ఏకోపాధ్యాయ బడులే, అంటే ఒకే గదిలో ఐదు తరగతులు. దేవత అనుకోకండి, చేతిలో చింతబరిక ఉండేది, చూచిరాతలో ఒక్క దీర్ఘం పోయినా చెవి మెలేసేది (నా చెవి కూడా). 1983లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించినప్పుడు ఆ ఫిబ్రవరి నెలాఖరుకే ఇంటికొచ్చేసింది.

ఆ వచ్చినామె మా బడిలో చదువుకున్న మనిషి కాదు. 1991లో జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు అవ్వ మా అరుగు మీదే రాత్రి బడి పెట్టింది. కూలి నుంచి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఎనిమిదింటికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. పాత చెక్క పలకలకి దొండాకు, బొగ్గు రుద్ది నలుపు చేసి పెట్టడం నా పని. అ ఆలు తర్వాత, ముందు నీ పేరు రాయి అనేది అవ్వ. ఈ పెద్దామె చెయ్యి వణికితే ఆ చేతి మీద తన చెయ్యి వేసి రాయించేది, బలపం విరిగితే ఇంకోటి ఇచ్చేది. పిల్లలమీద లేని ఓపిక ఆడవాళ్ల దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మాకు దగ్గరే దూబగుంట. అక్కడి ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న సంగతి పాఠమై రాత్రి బడులకు వచ్చింది, దాంతో ఊరూరా కదిలారు. మా ఊరివాళ్లు కూడా కలెక్టరుకి అర్జీ పెట్టాలనుకున్నారు. అవ్వని రాసిపెట్టమంటే ససేమిరా అంది, మీకు చదువొచ్చింది కదా, మీరే రాయండి అని. రెండు రాత్రులు పట్టింది. దీర్ఘాలు ఎగిరిపోయాయి, ఒత్తులు పక్కకి జారాయి. అవ్వ ఒక్కటి కూడా దిద్దలేదు! కింద పద్నాలుగు సంతకాలు, ఒక్క వేలిముద్ర కూడా లేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదంతా మా అవ్వ గొప్ప అని చెప్పడం లేదు, మోకాళ్ల నొప్పులతో ఆమె ఒక్క ఊరేగింపుకి కూడా వెళ్లలేదు.

నా పేరు వేయకపోయినా ఫర్వాలేదు. ఈ ఉత్తరం వేస్తే మాత్రం ఆవిడ టీచరమ్మ అన్న మాట కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి. ఆ పెద్దామె ఇంటికి మీ పత్రికే వస్తుంది, మొన్నే శుక్లాల ఆపరేషన్ చేయించుకుంది.

– ఒక మనవడు, నెల్లూరు జిల్లా