127 రూపాయల దాకా నిజాయితీ

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, నాన్న మామూలే, ఉద్యోగం నడుస్తోంది. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మా అక్క కూతురు చిన్ని గుర్తుందిగా, నీ చెప్పులు దాచేసిన పిల్ల! ఇప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. సెలవులకొచ్చి జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో కిరాణా కొట్టు అప్పుల పద్దు ప్రోగ్రాం రాస్తోంది. "అప్పు సుబ్బారావు 250" అని టైప్ చేస్తే బాకీ పెరగాలి, "జమ సుబ్బారావు 100" అంటే తగ్గాలి. ఖాతాకి ఒక క్లాసు (అంటే కోడ్‌లో ఒక విడి భాగం), టైప్ చేసిన వాక్యాన్ని ముక్కలు చేసి చూడ్డానికి ఇంకో క్లాసు. పద్ధతిగానే రాసింది, మన మాస్టారు టైగర్ సార్ చూస్తే మీసం దువ్వేవాడు.

మొన్న రాత్రి వచ్చి, "మావయ్యా, కోడ్‌లో రాస్తే పని చేస్తోంది, టైప్ చేస్తే చేయట్లేదు" అంది. నవ్వాను. చూస్తే నిజమేరా! కోడ్‌లోనే "జమ" అని పెట్టి నడిపితే బాకీ తగ్గుతోంది. అదే "జమ" కీబోర్డు మీద కొడితే "తెలియని మాట" అంటోంది. పాపం, టైప్ చేసింది చదివే స్కానర్‌ని అనుమానించింది, చివర స్పేస్ ఉందేమోనని దాన్ని కత్తిరించే ట్రిమ్ పెట్టింది, రెంటి పొడవూ ప్రింట్ చేసి చూసింది. అంతా ఒకటే. ఏడుపు ఒక్కటే తక్కువ.

రెండు మాటలూ ఒకటేనా అని పోల్చే చోట నాకు == కనబడింది. చెప్పేయొచ్చు, కానీ చెబితే మజా ఏముంది? "రెంటికీ ఐడెంటిటీ హ్యాష్‌కోడ్ ప్రింట్ చెయ్" అన్నాను (ఒక్కో వస్తువుకి జావా ఇచ్చే గుర్తు నంబరు లాంటిది). రెండు వేరు వేరు అంకెలు! అప్పుడు జేబులోంచి రెండు పది రూపాయల నోట్లు తీసి చూపించాను: విలువ ఒకటే, నంబర్లు వేరు. స్ట్రింగుల (అక్షరాల మాటల) మధ్య == పెడితే నంబరు చూస్తుంది, అంటే రెండూ ఒకే వస్తువా అని; ఈక్వల్స్ విలువ చూస్తుంది. "మరి కోడ్‌లో రాస్తే ఎలా కలిసింది?" అంది. చూశావా, అదీ ప్రశ్న! కోడ్‌లో కోట్స్ మధ్య ఎన్నిసార్లు "జమ" అని రాసినా జావా పూల్ అనే ఉమ్మడి చోట ఒక్క ఆబ్జెక్టే (వస్తువే) ఉంచుతుంది. టైప్ చేసిన లైనుని స్ప్లిట్ చేస్తే వచ్చిన ముక్క మాత్రం కొత్తగా పుట్టింది. అంటే చిన్నిని మోసం చేసింది అది కోడ్‌లోనే రాసుకున్న టెస్టే.

కథ అయిపోయిందనుకున్నావా? కోపంతో ఫైల్లో ఉన్న ప్రతి == నీ ఈక్వల్స్ చేసేసింది. "ఇంట్ కెనాట్ బి డీరిఫరెన్స్‌డ్" అంటూ కంపైలర్ (కోడ్‌ని తర్జుమా చేసే ప్రోగ్రాం) గోల: ఇంట్ అంటే ఉత్త అంకె, ఆబ్జెక్టు కాదు, దానికి ఈక్వల్స్ ఉండదు. సరేనని అంకెలన్నిటికీ మళ్ళీ == పెట్టింది. నేను నోరు మెదపలేదు.

పుస్తకంలో లెక్కతో పోల్చి చూడ్డానికి "సరి సుబ్బారావు 100" అనే మాట కూడా పెట్టుకుంది. నూరు సరి అంది. 250 కొడితే తేడా ఉంది అంది, రెండువైపులా 250 కళ్ళ ముందు కనబడుతుంటే! అన్నీ ఆబ్జెక్టులే కావాలని ఎవరు చెప్పారో, బాకీని ఇంట్ కాకుండా ఇంటీజర్‌గా (అంకెని లోపల పెట్టుకున్న ఆబ్జెక్టుగా) పెట్టింది, చదివిన ముక్కనీ వాల్యూఆఫ్ అనే పద్ధతితో ఇంటీజరే చేసింది. ఇక ఒక్కో రూపాయే పెంచుకుంటూ పోయింది. 127కి సరి. 128కి తేడా! పిల్ల అరిచిన అరుపుకి నాన్న నిద్ర లేచాడు. జావా −128 నుంచి 127 దాకా ఇంటీజర్లని ముందే చేసి దాచుకుంటుంది, అడిగినప్పుడల్లా అవే ఇస్తుంది. అది దాటితే మామూలుగా కొత్తవి చేసిస్తుంది, == మళ్ళీ నోటు నంబరే చూస్తుంది. "కొట్టువాడు చిన్న అప్పుల్లోనే నిజాయితీపరుడన్నమాట" అంది చిన్ని. అచ్చం నువ్వే మాట్లాడినట్టుందిరా.

ఇప్పుడు మాటల్ని పోల్చే ఆ ఇఫ్‌లన్నీ తీసేసి, ఒక మాటని చూసి దారి ఎంచే స్విచ్‌లో పెడతానంటోంది. స్ట్రింగులతో స్విచ్ జావా 7 నుంచి, అంటే 2011 నుంచి ఉంది, లోపల ఈక్వల్సే చూస్తుంది కాబట్టి... ఆగు, అదిగో మళ్ళీ కేక. అక్క వచ్చి కూర్చుని "అప్పు సుబ్బారావు రెండొందల యాభై" అని కొట్టిందట, నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్, అంటే ఇది అంకె కాదని జావా మొర! వెళ్ళాలి. నీ పెళ్ళిచూపుల సంగతి రాయ్, దాచకు.

నీ
బావ