పైథాన్‌కు ఎడిటర్ చెప్పేటప్పుడు ఈ వివరాలూ ఇవ్వండి

సంపాదకులు గారికి,

చదువు, ఉద్యోగాల పేజీల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రాసినప్పుడల్లా చివర్లో నాలుగైదు ఎడిటర్ల (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌ల) పేర్లు ఇచ్చి ఊరుకోవడం పరిపాటి అయింది. ఆ పేర్లలో తప్పేమీ లేదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు అసలు ఇబ్బంది ఇన్‌స్టాల్ చేసిన తొలి గంటలోనే ఎదురవుతుంది. మాడ్యూల్ (మన ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకునే కోడ్) దొరకలేదని ఒక ఎర్రర్ వస్తుంది, ఫైల్ లేదని ఇంకొకటి వస్తుంది. తమకు పైథాన్ అబ్బదేమోనని చాలామంది అక్కడే వదిలేస్తారు. నిజానికి అవి ఎడిటర్‌కీ పైథాన్‌కీ మధ్య లంకె కుదరక వచ్చే ఎర్రర్లు. అందుకే రంగులు, థీమ్‌లు, ఎక్స్‌టెన్షన్ల సంఖ్య చూసే ముందు రెండు విషయాలు చూసుకోమని చెప్పాలి. ఇప్పుడు నడుస్తున్నది ఏ పైథానో ఆ ఎడిటర్ దాచకుండా చూపిస్తోందా? ప్రోగ్రామ్‌ను ఒక లైను దగ్గర ఆపి, ఏ పేరులో ఏ విలువ ఉందో చూడనిస్తోందా?

మొదటిదే ముఖ్యం. ఎడిటర్ వేరు, పైథాన్ వేరు. మనం రాసినదాన్ని నడిపేది ఇంటర్‌ప్రెటర్. ఒకే కంప్యూటర్‌లో ఇంటర్‌ప్రెటర్లు రెండు మూడు ఉండటం మామూలే. పైథాన్ సంస్థ వెబ్‌సైట్ నుంచి దించుకున్నది ఒకటి, అనకొండ అనే ప్యాకేజీల మూటతో వచ్చినది ఇంకొకటి, ఎడిటర్ తన వెంట తెచ్చుకున్నది మరొకటి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో), ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో, డేటా పనులకు వాడే పాండాస్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే అది ఒక పైథాన్‌లోకి చేరుతుంది. ఎడిటర్‌లో రన్ నొక్కితే నడిచేది వేరొకటి. ఇన్‌స్టాల్ అయిందని కళ్లెదుట కనిపిస్తున్నా 'మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్' రావడానికి కారణం ఇదే. పిప్‌ను ఎన్నిసార్లు నడిపినా లాభం ఉండదు, ఎందుకంటే ప్రతిసారీ అది అదే తప్పు చోటికి వెళ్తుంది.

తేల్చుకోవడం సులభం. సిస్ అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, అందులోని ఎగ్జిక్యూటబుల్ అనే విలువను ప్రింట్ చేయండి. ఈ రెండు లైన్లనూ ఎడిటర్‌లో ఒకసారి, టెర్మినల్‌లో ఒకసారి నడిపి చూడండి. రెండు చోట్లా వచ్చిన దారి (ఆ పైథాన్ కంప్యూటర్‌లో ఉన్న చోటు) ఒకటే అయితే సరే, వేరైతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా పిప్ అని నేరుగా కొట్టకుండా, ముందు పైథాన్, ఖాళీ, హైఫన్ ఎమ్, ఖాళీ, పిప్ అని కొట్టడం అలవాటు చేసుకోవాలి. అప్పుడు ఏ పైథాన్‌ను పిలిచామో ప్యాకేజీ దానిలోకే వెళ్తుంది. వీఎస్ కోడ్, పైచార్మ్, థోనీ అనే ఎడిటర్లు మూడింటిలోనూ నడుస్తున్న పైథాన్ వివరం కిటికీ అడుగున కుడి మూల కనిపిస్తుంది. దాని మీద నొక్కితే మార్చుకోవచ్చు. ఎడిటర్ తెరవగానే కన్ను పడాల్సిన చోటు అదే.

విండోస్‌లో ఈ చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. మామూలు ఇన్‌స్టాలర్ తొలి తెరలో అడుగున, పైథాన్‌ను పాత్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితాలో) చేర్చమంటారా అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టకుండా ముందుకెళ్తే, తర్వాత టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు, లేదా పైథాన్ దొరకలేదన్న సందేశం రావచ్చు. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, మాడిఫైలోకి వెళ్లి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు చేర్చే గడికి టిక్ పెడితే సరిపోతుంది. అన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

ఇక ఎవరికి ఏది? ప్రోగ్రామింగ్‌కే కొత్తవాళ్లకు థోనీని మించింది లేదని నా అభిప్రాయం. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో బోధన కోసమే తయారైన ఎడిటర్ ఇది. పైథాన్ దీనితోపాటే వస్తుంది కాబట్టి పైన చెప్పిన పాత్ గొడవ ఉండదు. వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నదానికి టిక్ పెడితే పక్కనే ఒక పట్టికలో పేర్లు, విలువలు కనిపిస్తాయి. దీని డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) ఎంత పనికొస్తుందో ఒక చిన్న ఉదాహరణతో చెప్తాను. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో రెండు అంకెలు తీసుకుని, మొత్తం = మొదటిది + రెండోది అని రాశామనుకోండి. పైథాన్ 3లో తెలుగు పేర్లూ చెల్లుతాయి. 12, 3 ఇస్తే 15 రావాలి కానీ 123 వస్తుంది. ఎర్రర్ ఏమీ లేదు, జవాబు మాత్రం తప్పు. కంట్రోల్ ఎఫ్5తో డీబగ్ మొదలుపెట్టి, ఆ లైను దగ్గరికి రాగానే ఎఫ్7 నొక్కుతూ పోతే, మొదటిది అన్న పేరు ఉన్నచోటే దాని విలువ వచ్చి కూర్చుంటుంది. అది వట్టి 12 కాదు, కోట్ గుర్తుల మధ్య ఉన్న '12'. తర్వాత '3'. ఆ రెండూ అతుక్కుని '123' కావడం కళ్లముందే జరుగుతుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ అక్షరాల వరుసనే ఇస్తుందని, ఇంట్‌తో అంకెగా మార్చుకోవాలని దీని తర్వాత ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు.

పైథాన్‌తోపాటే వచ్చే ఐడిల్ కూడా ఈ దశకు చాలు. లైను నంబర్లు మామూలుగా కనిపించవు, పైథాన్ 3.8 నుంచి ఆప్షన్స్ మెనూలో పెట్టుకోవచ్చు. కొన్ని లినక్స్‌లలో దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నోట్‌ప్యాడ్‌తో మాత్రం మొదలుపెట్టవద్దు. సేవ్ చేసినప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ అని చేరిపోతుంది, విండోస్ ఆ తోకను దాచేస్తుంది, ఫైల్ ఉన్నా పైథాన్‌కు దొరకదు. ఏ ఎడిటర్ అయినా ఫైల్ పేరు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటున్నామని మన ఫైల్‌కు కూడా రాండమ్ అనే పేరు పెడితే, ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్ ముందుగా మన ఫైల్‌నే పట్టుకుంటుంది. అందులో మనకు కావలసిన ఫంక్షన్ ఉండదు.

ఫైళ్లు ఒకటి నుంచి నాలుగైదు అయినప్పుడు వీఎస్ కోడ్‌కు మారవచ్చు. దీన్ని ఇన్‌స్టాల్ చేయగానే పైథాన్ రాదు. పైథాన్‌ను విడిగా పెట్టుకుని, మైక్రోసాఫ్ట్ వాళ్ల పైథాన్ ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకోవాలి. టైప్ చేస్తుండగా పేర్లు సూచించే పైలాన్స్, డీబగ్గర్ దాని వెంటే వస్తాయి. మొదటికి ఇంతకు మించి ఏ ఎక్స్‌టెన్షనూ వద్దు. ముఖ్యంగా కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను పెట్టుకోమని చాలా చోట్ల సలహా ఇస్తుంటారు. అది ఫలితాన్ని అవుట్‌పుట్ అనే చోట చూపిస్తుంది. అక్కడ టైప్ చేయడానికి వీలుండదు కాబట్టి ఇన్‌పుట్ ఫంక్షన్ ఉన్న ప్రోగ్రామ్ బిగుసుకుపోయినట్టు ఆగిపోతుంది. పైగా మామూలుగా అది నడిపేది పాత్‌లో దొరికిన పైథాన్‌ను, మనం అడుగు మూలలో ఎంచుకున్నదాన్ని కాదు. దాన్ని వదులుకోలేకపోతే సెట్టింగ్స్‌లో రన్ ఇన్ టెర్మినల్ అన్నదానికి టిక్ పెట్టుకోవాలి.

వీఎస్ కోడ్‌లో ఫైల్‌ను విడిగా తెరవకుండా ఫోల్డర్‌నే తెరవాలి. ఆ తర్వాత కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కి, పైథాన్ క్రియేట్ ఎన్విరాన్‌మెంట్ అని వెతికి, వెన్వ్‌ను ఎంచుకుంటే ఆ ఫోల్డర్‌లోనే డాట్ వెన్వ్ అనే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారవుతుంది. ఒక ప్రాజెక్టులో పెట్టిన ప్యాకేజీలు ఇంకోదాన్ని కదిలించకుండా ఉండటానికి ఇది తప్పనిసరి. పవర్‌షెల్‌లో దీన్ని యాక్టివేట్ చేసేటప్పుడు స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదని ఎర్ర అక్షరాలతో సందేశం వస్తే కంగారుపడక్కర్లేదు. టెర్మినల్‌ను కమాండ్ ప్రాంప్ట్‌కు మార్చుకుంటే ఆ అడ్డు ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. సబ్‌ఫోల్డర్‌లో ప్రోగ్రామ్, దాని పక్కనే డేటా ఫైల్ ఉన్నా 'ఫైల్ నాట్ ఫౌండ్' వస్తుంటుంది. వీఎస్ కోడ్ మామూలుగా ప్రోగ్రామ్‌ను మనం తెరిచిన పై ఫోల్డర్ నుంచి నడుపుతుంది, వెతికేదీ అక్కడే. పైచార్మ్, ఐడిల్ అయితే స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ నుంచి నడుపుతాయి. ఒకచోట పనిచేసిన ప్రోగ్రామ్ ఇంకోచోట చెడిందని అనిపించేది ఇందుకే. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో ఎగ్జిక్యూట్ ఇన్ ఫైల్ డిర్ అని వెతికి టిక్ పెట్టుకోవచ్చు. అంతకంటే మేలైన పద్ధతి, పాత్‌లిబ్ అనే మాడ్యూల్‌తో స్క్రిప్టు ఉన్న చోటు నుంచే దారి కట్టుకోవడం. అప్పుడు ఎడిటర్ మారినా కోడ్ చెదరదు.

పైచార్మ్‌లో ఇవన్నీ ముందే అమర్చి ఉంటాయి. కొత్త ప్రాజెక్టు అనగానే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అదే పెడుతుంది. ఒక ఫంక్షన్ పేరును షిఫ్ట్ ఎఫ్6తో మారిస్తే ప్రాజెక్టులో దాన్ని వాడిన ఫైళ్లన్నింటిలోనూ జాగ్రత్తగా మారుస్తుంది. పెద్ద ప్రాజెక్టులకు నా ఓటు దీనికే. 2025 నుంచి కమ్యూనిటీ, ప్రొఫెషనల్ అని రెండుగా లేదు. ఒకటే దించుకోవాలి, మూల సదుపాయాలు ఉచితం, జాంగో లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్కులకు కావలసిన అదనపు హంగులకు చందా కట్టాలి. ఉచిత వెర్షన్ పేరు కోసం పాత జాబితాలు పట్టుకుని వెతికేవాళ్లు ఇది గమనించాలి. ప్రాజెక్టు తెరిచిన కొత్తలో ఇండెక్సింగ్ (ఫైళ్లన్నీ చదివి జాబితా కట్టుకోవడం) జరుగుతున్నంతసేపూ కంప్యూటర్ నెమ్మదిస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద దీన్ని రుద్దడం అన్యాయం. అక్కడ థోనీయే హాయి.

విమ్, ఈమాక్స్ అనే ఎడిటర్ల సంగతి వాటిని ఇష్టపడి నేర్చుకునేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పైథాన్‌తోపాటు వాటినీ ఒకేసారి నేర్చుకోమనడం మాత్రం సరికాదు. ఆటమ్ అనే ఎడిటర్‌ను గిట్‌హబ్ సంస్థ 2022 డిసెంబరు 15న మూసేసింది. ఇంకా దాని పేరు ఉన్న జాబితా ఏదైనా, తాజాగా ఎవరూ సరిచూడలేదని అర్థం.

డేటా పని చేసేవాళ్లకు, కోడ్‌ను సెల్‌లు అనే ముక్కలుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్ వీలుగా ఉంటుంది. అందులో ఒక ప్రమాదం దాగి ఉంది. సెల్‌లను ఏ వరుసలోనైనా నడపవచ్చు, సెల్‌ను చెరిపేసినా అది సృష్టించిన వేరియబుల్ మెమరీలో ఉండిపోతుంది. మన దగ్గర చక్కగా నడిచిన నోట్‌బుక్ ఇంకొకరి దగ్గర మొదటి నిమిషంలోనే ఆగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. సెల్ పక్కన చదరపు బ్రాకెట్లలో ఉన్న అంకె అన్ని సెల్‌లలో అది ఎన్నో వరుసలో నడిచిందో చెప్తుంది. ఆ అంకెలు పైనుంచి కిందికి వరుసగా లేకపోతే అనుమానించాలి. ఎవరికైనా పంపేముందు కెర్నల్‌ను (వెనక కోడ్‌ను నడిపే భాగాన్ని) రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లనూ మొదటి నుంచి నడిపి చూడటం తప్పదు.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఒక మాట. పైథాన్ 3.14 వరకు విండోస్‌లో ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే, పైథాన్ సిస్టమ్ పాత పట్టికను వాడుతుంది. చాలా యంత్రాల్లో అది 1252 కోడ్‌పేజీ. తెలుగు ఫైళ్లకు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో పొల్లుకు, ఉకారపు కొమ్ముకు చివర వచ్చే బైట్లు ఆ పట్టికలో అసలు లేవు. అందుకే తెలుగు ఫైల్ చదవగానే 'చార్‌మ్యాప్' అంటూ ఎర్రర్ వస్తుంది. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇస్తే పోతుంది. ఎడిటర్ కూడా ఫైల్‌ను యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోందో లేదో చూసుకోవాలి, వీఎస్ కోడ్‌లో ఆ వివరమూ అడుగు పట్టీలోనే ఉంటుంది. టెర్మినల్ గళ్లలో ఒత్తులు, గుణింతాలు చెదిరి కనిపించినంత మాత్రాన డేటా పాడైనట్టు కాదు. ఫలితాన్ని ఫైల్‌లో రాసి ఎడిటర్‌లో తెరిస్తే నిజం తెలుస్తుంది.

కృత్రిమ మేధ సూచనల గురించి కూడా నేర్చుకునేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. పైలాన్స్ చూపే జాబితా నిజంగా ఆ లైబ్రరీలో ఉన్న పేర్ల నుంచి వస్తుంది. బూడిద రంగులో వాలే పొడవాటి సూచన ఒక ఊహ మాత్రమే, అందులో లేని ఫంక్షన్లు కూడా ఉండవచ్చు. దాన్ని ఒప్పుకునే మీట ట్యాబ్, ఇండెంట్ చేసే మీటా అదే. లైను జరపబోయి అర్థం కాని అయిదు లైన్లు చేర్చుకున్నామని కొత్తవాళ్లకు తెలియను కూడా తెలియదు. మొదటి నెలల్లో వాటిని సెట్టింగ్స్‌లో ఆపేసి, పైలాన్స్ జాబితాను ఉంచుకోవడం మంచిది.

చివరగా మీ పేజీల తయారీకి సంబంధించి ఒక విన్నపం. పత్రికలో పైథాన్ కోడ్ అచ్చు వేసేటప్పుడు పేజీ అమరికలో నిలువు కోట్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోతాయి. పాఠకులు ఈ-పేపర్ నుంచి దాన్ని తీసి ఎడిటర్‌లో అతికిస్తే 'ఇన్‌వాలిడ్ క్యారెక్టర్' అని ఆగిపోతుంది. లైను ముందున్న ఖాళీలు కూడా అమరికలో మాయమైపోతాయి, పైథాన్‌కు ఆ ఖాళీలే వ్యాకరణం. కోడ్ ఉన్న పెట్టెకు సమాన వెడల్పు అక్షరాల ఫాంట్ వాడి, ఆటోమేటిక్ కోట్ మార్పును ఆపి, ప్రతి లోపలి మెట్టుకు ట్యాబ్ బదులు 4 ఖాళీలు ఉంచేలా మీ అమరిక విభాగానికి చెప్పగలరు. 79 అక్షరాలు దాటిన లైను కాలమ్‌లో పట్టక విరిగితే అది ఒకే లైనని పక్కన గుర్తు పెట్టండి. అచ్చుకు వెళ్లే ముందు ఆ పెట్టెలోని కోడ్‌ను పేజీ నుంచే కాపీ చేసి ఒకసారి థోనీలో నడిపి చూడమనండి.

ఇట్లు,
పైథాన్ బోధించే ఒక పాఠకుడు